లాసన్స్ బేలో ఫ్లాట్, హైదరాబాద్‌లో మీరు: రోజువారీ అద్దె కొనసాగించాలా?

ప్రశ్న: వైజాగ్ లాసన్స్ బే కాలనీలో మాకు రెండు బెడ్‌రూంల ఫ్లాట్ ఉంది. నాన్నగారు పోయాక అమ్మని హైదరాబాద్‌లో నా దగ్గరికి తెచ్చుకున్నాను. ఇల్లు ఖాళీగా ఉంచడం ఇష్టం లేక ఆరు నెలలుగా ఒక యాప్‌లో పెట్టి టూరిస్టులకు రోజువారీ అద్దెకు ఇస్తున్నాను. పోయిన నెల 11 బుకింగ్‌లు, 15 రాత్రులు, మొత్తం 39,000 రూపాయలు వచ్చాయి. ఖర్చులు పోగా 8,500 మిగిలింది. ఎదురు ఫ్లాట్ వాళ్లు సామాను లేని ఇంటిని నెలకి 18,000కి ఇచ్చి నిశ్చింతగా ఉన్నారు. ఈలోగా గదిలో ముక్కిపోయిన వాసన వస్తోందని ఇద్దరు గెస్టులు రివ్యూ రాశారు. అసోసియేషన్ వాళ్లు అభ్యంతరం చెబుతూ కాగితం పంపారు. వాచ్‌మన్ రాత్రిపూట ఫోన్ ఎత్తడం మానేశాడు. అమ్మ పూజ గది, నాన్న పుస్తకాల బీరువా ఇంకా అక్కడే ఉన్నాయి. కొనసాగించాలా, మానేయాలా? ఖర్చుల చీటీ కూడా పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మానేయనక్కర్లేదండీ. కానీ ఇప్పుడు నడుస్తున్న పద్ధతిలో మాత్రం ఇంకొక్క నెల కూడా నడపకండి. మీరు రాసిన సమస్యలు వేరువేరుగా కనిపిస్తున్నా చాలావాటికి మూలం ఒకటే. ఆ ఇంటి దగ్గర మీ తరఫున నిలబడే మనిషి లేరు. నెలవారీ అద్దె అయితే మీరు ఎక్కడున్నా నడుస్తుంది. రోజువారీ అద్దె అలా కాదు, అది లాడ్జి పని. అరగంటలో ఆ ఇంటికి చేరగలిగే మనిషి ఒకరు లేకపోతే ఎంత మంచి ఫ్లాటైనా నిలబడదు.

ముందు మీ చీటీ చూద్దాం. యాప్ వాటా 5,850. ఒక్కో గెస్టు వెళ్లాక క్లీనింగ్‌కి 500, దుప్పట్లు తువ్వాళ్ల లాండ్రీకి 350, అంటే 11 సార్లకి 9,350. కరెంటు 4,500. మెయింటెనెన్స్ 3,000, వాచ్‌మన్‌కి 3,000, సబ్బులూ గ్యాసూ వగైరా 1,500, నెట్ 800, ఏసీ రిపేరు 2,500. మీరు వీటిలో కరెంటు బిల్లు చూసి భయపడ్డారు. నేనైతే ఆ 9,350 చూసి ఆగిపోయాను. 15 రాత్రులకి 11 బుకింగ్‌లంటే చాలామంది ఒక్క రాత్రి ఉండి వెళ్లిపోయినవాళ్లే. ఒక రాత్రికి 2,600 తీసుకుంటే అందులో యాప్ వాటా 390, క్లీనింగూ లాండ్రీ 850, కరెంటు ఓ 300 పోతాయి. మీకు దక్కేది 1,060. అదే కుటుంబం మూడు రాత్రులు ఉంటే 7,800లో 1,170, 850, 900 పోగా 4,880 మిగులుతుంది. అంటే రాత్రికి 1,600 పైనే. గది రేటు పైసా పెంచలేదు. గెస్టు మారిన ప్రతిసారీ పడే ఖర్చు ఒక్కసారికి తగ్గింది, అంతే.

కాబట్టి ఇవాళే యాప్‌లోకి వెళ్లి కనీసం రెండు రాత్రులు అని పెట్టండి. మూడు రాత్రులు దాటితే పది శాతం తగ్గిస్తానని రాయండి. బుకింగ్‌లు తగ్గుతాయి, తగ్గనివ్వండి. శనివారం రాత్రి ఒక్కటే కావాలని వచ్చే స్థానిక కుర్రాళ్ల పార్టీ బుకింగ్‌లు కూడా దీంతో చాలావరకు వాటంతటవే పోతాయి. మీ అసోసియేషన్ కోపంలో సగం వాటి గురించే అయ్యుంటుంది.

అయినా సరే, ఏడాది పొడుగునా రోజువారీ అద్దె మీకు గిట్టుబాటు అవుతుందని నేను చెప్పను. వైజాగ్‌కి సీజన్ ఉంది. దసరా సెలవులకు బెంగాలీ కుటుంబాలు దిగుతాయి. అప్పటినుంచి సంక్రాంతి దాటేదాకా అరకు, బొర్రా గుహలు చూసేవాళ్లతో ఊరు నిండుగా ఉంటుంది. మళ్లీ వేసవి సెలవుల్లో పిల్లలతో వస్తారు. జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా వారాంతాలు తప్ప మిగతా రోజులు ఖాళీ. ఆ ఖాళీ నెలల్లో ఫ్లాట్‌ని సామానుతో సహా నెలవారీగా ఇవ్వండి. చికిత్స కోసం శ్రీకాకుళం, ఒడిశా, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి నెలా రెండు నెలలు ఇక్కడ ఉండాల్సిన కుటుంబాలు చాలా ఉంటాయి. మీ కాలనీ నుంచి హనుమంతవాక, చినగదిలి వైపు ఉన్న ఆసుపత్రులు దగ్గరే. బదిలీ మీద వచ్చి ఇల్లు వెతుక్కునేవాళ్లు, యూనివర్సిటీ పని మీద వచ్చేవాళ్లు కూడా అడుగుతారు. వీళ్లకి హోటల్ గది సరిపోదు. వంటగది, లిఫ్ట్, వెస్ట్రన్ టాయిలెట్ కావాలి, అవి మీ దగ్గర ఉన్నాయి. మంచాలూ ఫ్రిజ్జూ ఉన్న ఇల్లు కాబట్టి ఎదురు ఫ్లాట్ అద్దె కన్నా ఎక్కువే అడగొచ్చు, కరెంటు బిల్లు వాళ్లే కట్టుకుంటారు. రెండు నెలలకైనా సరే అగ్రిమెంట్ రాసుకోండి, అడ్వాన్స్ తీసుకోండి. రోగితో వచ్చినవాళ్ల దగ్గర తేదీ విషయంలో మాత్రం కాస్త పట్టువిడుపు ఉంచండి. డిశ్చార్జి ఎప్పుడో వాళ్ల చేతుల్లో ఉండదు కదా.

ఇక వాచ్‌మన్. అతని మీద మీకు కోపంగా ఉందని ఉత్తరంలో తెలుస్తోంది. కానీ ఒకసారి అతని వైపు నుంచి చూడండి. అతనికి జీతం ఇచ్చేది అసోసియేషన్. మీరు పైన ఇచ్చే మూడు వేలకి తెల్లవారుజామున తాళాలివ్వడం, సామాను మోయడం, అర్ధరాత్రి గెస్టులు పంపే పనులు, గీజర్ పనిచేయకపోతే తిట్లు తినడం, అన్నీ అతని నెత్తినే పడ్డాయి. మీ గెస్టుల వల్ల మిగతా ఫ్లాట్లవాళ్ల దగ్గర మాట పడుతున్నదీ అతనే. ఫోన్ ఎత్తకపోవడంలో ఆశ్చర్యం ఏముంది? అతని పని ఏమిటో గీత గీయండి. ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా తాళం, సామాను, అంతవరకే. నెలకింత అని కాకుండా వచ్చిన గెస్టుకి ఇంత అని ఇవ్వండి. అతని భార్య క్లీనింగ్ చేస్తానంటే ఆ 500 నేరుగా ఆమె ఫోన్‌కే పంపండి. గెస్టుల దగ్గర డబ్బు వసూలు చేసే పని మాత్రం అతనికి అప్పగించకండి. అతని మంచికే ఆ మాట చెబుతున్నాను. లెక్కల్లో తేడా వస్తే మొదటి అనుమానం అతని మీదికే పోతుంది.

రాత్రి 10 తర్వాతి ఫోన్ ఇంకొకరు ఎత్తాలి. ఎంవీపీ కాలనీలోనో పెద వాల్తేరులోనో మీకు నమ్మకమైన బంధువు ఉంటే వాళ్లకి వాటా ఇచ్చి అప్పగించండి, ఊరికే మొహమాటపెట్టి కాదు. ఎవరూ లేకపోతే ఇలాంటి ఫ్లాట్లు చూసిపెట్టే మనుషులు ఇప్పుడు ఇక్కడ దొరుకుతున్నారు, వచ్చినదాంట్లో శాతం తీసుకుంటారు. ఒప్పుకునే ముందు శాతం దేని మీదో అడగండి. యాప్ కోత పోయాక మీ చేతికొచ్చేదాని మీదా, గెస్టు కట్టిన మొత్తం మీదా అన్నది తేలాలి. క్లీనింగ్ ఖర్చు ఎవరిదో, యాప్ ఖాతా ఎవరి పేరు మీద ఉంటుందో కూడా తేలాలి. ఖాతా, బ్యాంకు, రివ్యూలు మీ పేరు మీదే ఉండాలి. ఈ ఒక్క విషయంలో మొహమాటం వద్దు.

మన ఊరి రైళ్ల సంగతి కూడా మీ నియమాల్లో ఉండాలి. హైదరాబాద్ నుంచి సాయంత్రం, రాత్రి బయల్దేరిన రైళ్లు చాలావరకు ఇక్కడికి పొద్దున్నే చేరతాయి. మీరేమో చెక్-ఇన్ మధ్యాహ్నం ఒంటిగంటకి అని పెట్టారు. పిల్లలతో, ముసలివాళ్లతో పొద్దున ఏడింటికి వచ్చి గేటు దగ్గర నిలబడ్డవాళ్లని వాచ్‌మన్ ఏం చేయాలి? ముందురోజు ఖాళీ ఉంటే సగం రేటుకి పొద్దున్నే ఇస్తామని లిస్టింగ్‌లోనే, అంటే యాప్‌లో మీ ఇంటి వివరాలున్న పేజీలోనే రాయండి. ఖాళీ లేకపోతే సామాను ఎక్కడ పెట్టుకోవచ్చో, దగ్గర్లో టిఫిన్ ఎక్కడ దొరుకుతుందో ముందురోజు సాయంత్రమే మెసేజ్ పెట్టండి. అలాగే అరకు వెళ్లే కిరండూల్ రైలు ఎక్కేవాళ్లు తెల్లారేసరికే లేచి వెళ్లిపోతారు. తాళం ఎక్కడ పెట్టాలో వాళ్లకి తెలియాలి. నంబర్ నొక్కితే తెరుచుకునే తాళం పెట్టించుకోవచ్చు, కానీ సముద్రానికి అంత దగ్గరలో చవకరకం త్వరగా తుప్పుపడుతుంది. మంచిది కొని, గెస్టు మారినప్పుడల్లా నంబర్ మార్చి, మామూలు తాళంచెవి ఒకటి కింద ఉంచండి. సింహాచలం గిరి ప్రదక్షిణ రోజు కూడా గుర్తుంచుకోండి. ఆ 32 కిలోమీటర్ల దారి జోడుగుళ్లపాలెం, అప్పుఘర్ మీదుగా మీ కాలనీ పక్కనుంచే వెళుతుంది. ఆషాఢ పౌర్ణమికి ముందు మొదలై జనం నడుస్తూనే ఉంటారు. ఆ రోజు కారులో దిగేవాళ్లకి ముందే చెప్పకపోతే క్యాబ్ దూరంలోనే ఆగిపోతుంది.

అసోసియేషన్ కాగితానికి వాట్సాప్‌లో జవాబు ఇవ్వకండి. ఒక ఆదివారం స్వయంగా రండి. వచ్చేముందు మీ బైలాస్, అంటే అసోసియేషన్ నియమావళి కాపీ తెప్పించుకుని చదవండి. రోజువారీ అద్దె కూడదని అందులో స్పష్టంగా ఉంటే వాదించి లాభం లేదు, నెలవారీ అద్దెకే వెళ్లండి. లేకపోతే కూర్చుని మాట్లాడండి. పక్కవాళ్ల బాధ నిజమైనది. రోజుకొక కొత్త మొహం లిఫ్ట్‌లో కనిపిస్తే, ఆడపిల్లలున్న ఇంటివాళ్లకి టెన్షన్‌గానే ఉంటుంది. గెస్టుల పేర్లు, ఎంతమంది, ఎప్పుడు వెళతారు అన్నది ముందురోజే సెక్రటరీకి పంపుతాననండి. ఒక్క కారుకే పార్కింగ్, రాత్రి 10 తర్వాత శబ్దం ఉండకూడదు, డాబా మీదికి గెస్టులు వెళ్లకూడదు అని రాసివ్వండి. లిఫ్ట్, నీళ్లు ఎక్కువ వాడతారు కాబట్టి మెయింటెనెన్స్ కొంత ఎక్కువ కడతానని మీరే ముందు చెప్పండి. వాళ్లు అడిగాక ఇవ్వడం కన్నా అది ఎంతో మేలు. ఎదురు ఫ్లాట్‌వాళ్లకి మీ తరఫు మనిషి నంబర్ ఇవ్వండి, అర్ధరాత్రయినా ఫోన్ చేయమనండి.

వాసన గురించి. ఇది మీ ఇంటి తప్పు కాదు, ఉప్పు గాలీ చెమ్మా కలిసి చేసే పని. మీ అమ్మగారు ఉన్నప్పుడు రోజూ కిటికీలు తీసేవారు, పొయ్యి వెలిగేది, ఫ్యాన్ తిరిగేది. ఇప్పుడు గెస్టుకీ గెస్టుకీ మధ్య ఒక్కోసారి మూడు నాలుగు రోజులు ఇల్లు మూసే ఉంటోంది. అందుకే పరుపులు, కర్టెన్లు, బీరువాలు ముక్కిపోతున్నాయి. ఎవరూ లేని రోజుల్లో కూడా పొద్దున రెండు గంటలు కిటికీలు తీసి ఫ్యాన్లు వేసే పని ఒకరికి అప్పగించండి, ఆ పనికి డబ్బు ఇవ్వండి. పరుపులకి నీళ్లు పీల్చని కవర్లు తొడగండి. మందపాటి కర్టెన్ల బదులు ఉతకడానికి తేలికైనవి వేయండి. బీరువాల్లో చెమ్మ పీల్చే డబ్బాలు పెట్టి, నీళ్లు నిండగానే మార్పించండి. వానాకాలంలో ఏసీని డ్రై మోడ్‌లో కాసేపు నడిపించండి. తువ్వాళ్లు పూర్తిగా ఆరకుండా మడతపెడితే ఇల్లంతా అదే వాసన వస్తుంది కాబట్టి మంచానికి మూడు జతల దుప్పట్లు, తువ్వాళ్లు ఉంచుకోండి. ఒకటి వాడకంలో, ఒకటి లాండ్రీలో, ఒకటి బీరువాలో.

ఏసీ రిపేరు ఖర్చుకి కూడా కారణం ఆ గాలే. బయట పెట్టిన యూనిట్ రేకుల మీద ఉప్పు పేరుకుని వాటిని తినేస్తుంది. నెలకోసారి దాన్ని మంచినీళ్లతో కడిగించండి, మూడు నెలలకోసారి పూర్తి సర్వీసింగ్ చేయించండి. ఈసారి ఏసీ మార్చాల్సి వస్తే రాగి కాయిల్, తుప్పు పట్టకుండా పూత ఉన్నది అడిగి తీసుకోండి. బాల్కనీలో ఇనప కుర్చీలు వద్దు.

పూజ గది, పుస్తకాల విషయం మీరు చివర్లో రెండు మాటల్లో రాశారు. నాకు మాత్రం అది చిన్న విషయంగా అనిపించలేదు. డబ్బులిచ్చి ఉండటానికొచ్చినవాళ్లకి అది సెలవుల్లో దిగిన గది, అంతకుమించి ఏమీ కాదు. వాళ్లు చేపల పులుసు వండుకుంటారు, పిల్లలు గోడ మీద గీస్తారు, ఎవరో పూజ గది గట్టు మీద తడి బట్టలు ఆరేస్తారు. వాళ్లది తప్పనలేం. మీ అమ్మగారిని అడిగి దేవుళ్లని ఆమె ఉన్న చోటికి తీసుకెళ్లండి. ఆమె ఎప్పుడైనా వైజాగ్ వస్తే కూర్చోడానికి చోటు కావాలంటే చిన్న గదో అల్మారానో పూర్తిగా తాళం వేసి ఉంచండి, దాని గురించి లిస్టింగ్‌లో రాయండి. పుస్తకాలని మాత్రం ఆ చెమ్మలో వదలకండి, ముందు వాటిని తరలించండి. చేపలు వండకూడదు అనే నియమం మాత్రం పెట్టొద్దు. దసరాకి వచ్చే బెంగాలీ కుటుంబాలు వంటగది ఉందనే మీ ఇల్లు ఎంచుకుంటాయి. ఆ వాసన భరించలేనంటే అప్పుడు మీకు నెలవారీ అద్దే నయం.

కాగితాల పని ఎక్కువ లేదు గానీ తప్పించుకోకూడదు. ఉండబోయే పెద్దవాళ్లందరి గుర్తింపు కార్డులూ చూడండి, బుక్ చేసినవాళ్లది ఒక్కటే కాదు. ఆధార్ ఇస్తే చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ కాపీ చాలు. ఆ ఫొటోలు వాచ్‌మన్ ఫోన్‌లో పడి ఉండకూడదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు ఆ వివరాలు ఆన్‌లైన్‌లో అధికారులకు తెలపాలి. ఫారం-సి అని అందరూ అనేది దీన్నే. పెళ్లికాని జంటలకి ఇవ్వాలా అని చాలామంది అడుగుతుంటారు. ఇద్దరూ మేజర్లయి గుర్తింపు కార్డులు చూపిస్తే వాళ్లు కలిసి ఉండకూడదనే చట్టమేదీ లేదు. మీ నియమం ఏదైనా లిస్టింగ్‌లో ముందే రాయండి. బుకింగ్ తీసుకుని రాత్రిపూట గుమ్మం దగ్గర నుంచి ఎవరినీ వెనక్కి పంపకండి, ముఖ్యంగా ఒక ఆడపిల్లని. ఇంటి లోపల ఎక్కడా కెమెరా ఉండకూడదు. బయట గుమ్మం వైపు ఒకటి ఉంటే దాని సంగతి కూడా ముందే చెప్పాలి.

కరెంటు కనెక్షన్ డొమెస్టిక్ కేటగిరీలో ఉందని రాశారు. 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ ప్రకారం అనుమతించిన అవసరానికి కాకుండా వేరేదానికి వాడినట్టు తేలితే రెట్టింపు టారిఫ్ లెక్కన వసూలు చేయొచ్చు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో మీ వాడకం చెప్పి, ఏ కేటగిరీలోకి వస్తుందో రాతపూర్వకంగా తెలుసుకోండి. జీఎస్టీ గురించి కంగారు పడకండి. మీ అద్దె రాబడి ఏడాదికి 20 లక్షల లోపే కాబట్టి మీకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. యాప్ ద్వారా వచ్చే బుకింగ్‌ల మీద పన్ను యాప్ కంపెనీయే కడుతుంది. రోజుకి 7,500 దాకా ఉన్న గదులకి 2025 సెప్టెంబర్ 22 నుంచి అది 5 శాతం. ఇన్‌కం ట్యాక్స్ మాత్రం మీ జీతంతో కలిపి చూపించాలి. ఈ చీటీ మీ ఆడిటర్‌కి ఇవ్వండి. ఇంటికి ఇన్సూరెన్స్ ఉంటే గెస్టులకి ఇస్తున్నట్టు కంపెనీకి తెలపండి, లేకపోతే క్లెయిం దగ్గర పేచీ వస్తుంది.

తుఫాన్ల గురించి మీకు చెప్పక్కర్లేదు, 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మీ కాలనీని ఏం చేసిందో చూసే ఉంటారు. మన సీజన్ మొదలయ్యే నెలా తుఫాన్లు వచ్చే నెలా ఒకటే. హెచ్చరిక వచ్చిందంటే రాబోయేవాళ్లకి మీరే ఫోన్ చేసి డబ్బు వెనక్కి ఇచ్చేయండి. అప్పటికే ఉన్నవాళ్లకి నీళ్ల క్యాన్లు, టార్చి, ఎవరికి ఫోన్ చేయాలో అందేలా చూడండి.

సముద్రం గురించి కూడా మీ గెస్టులకి మీరే చెప్పాలి. హైదరాబాద్ నుంచో రాయ్‌పూర్ నుంచో వచ్చినవాళ్లకి మన తీరం సంగతి తెలియదు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడ్డవాళ్లని కూడా వెనక్కి వెళ్లే అల లాగేస్తుంది. ఆర్కే బీచ్‌లోనూ యారాడలోనూ ఇలా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. ఎక్కువమంది బయటి ఊళ్ల నుంచి వచ్చిన కుర్రాళ్లే. స్నానానికి దిగొద్దని, కాళ్లు తడుపుకోవాలంటే లైఫ్‌గార్డులు ఉన్న చోటే, వాళ్లు ఉన్న వేళల్లోనే దిగమని, తాగి అసలు వెళ్లొద్దని, చీకటి పడ్డాక నీళ్ల దగ్గరికి పిల్లల్ని పంపొద్దని తెలుగు, హిందీ, ఇంగ్లీషు, బెంగాలీల్లో పెద్ద అక్షరాలతో రాయించండి. అత్యవసరమైతే 112కి ఫోన్ చేయాలని దాని కింద రాయండి. ఆ కాగితాన్ని నియమాల ఫైల్‌లో పెడితే ఎవరూ చదవరు, ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. మీ మనిషి తాళం చేతికిచ్చేటప్పుడు అదే మాట నోటితో కూడా ఒకసారి చెప్పాలి.